మూసీనది - మోక్షగుండం విశ్వేశ్వరయ్య

దక్కను పీఠభూమిలో పుట్టిన నదులకు హిమాలయాల మంచు అండ లేదు. ఆకాశమే వాటికి ఆధారం. రోహిణి కార్తె ఎండలకు నెర్రెలు విచ్చిన నేల మృగశిర కార్తెలో తొలకరి జల్లుకు మెత్తబడుతుంది. ఎర్రని మఖమలు ముక్కలవలె ఆరుద్ర పురుగులు గడ్డిలో కనిపిస్తాయి. ఎండిన వాగులు పారుతాయి, చెరువులకు కొత్తనీరు చేరుతుంది, కప్పల బెకబెకలు వినిపిస్తాయి. హైదరాబాదు నగరంలో సంవత్సరానికి సగటున 80 సెంటీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో సుమారు మూడు వంతులు నైరుతి ఋతుపవనాల కాలమైన జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది. అయితే సగటు అనేది లెక్కల పుస్తకంలోని అంకె మాత్రమే. ఒక ఏడు పసిఫిక్ మహాసముద్రం మీది నీరు వేడెక్కి ఎల్‌నినో ఏర్పడితే ఇక్కడ మేఘాలు ముఖం చాటువేయవచ్చు. మరొక ఏడు బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం దారి తప్పకుండా పీఠభూమి మీదికి వచ్చి, రెండు నెలల వానను రెండు రోజులలో కురిపించి పోవచ్చు. ఈ రెండు విపరీతాల నడుమ మనుషులే కాదు, చేపలు, పక్షులు, చెట్లు, గడ్డిపరకలు సైతం బ్రతకడం నేర్చుకున్నాయి.

ఈ నిలకడలేని వానను అంకెలలో పట్టి, దానికి తగిన కట్టడాలను ఊహించిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1908 సంవత్సరపు మూసీ వరద ఆయనను హైదరాబాదుకు రప్పించింది.

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. వారు మైసూరు రాజ్యానికి వలసపోయినా ఊరి పేరును ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దేనహళ్లిలో 1860 సెప్టెంబరు 15వ తేదీన శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్య జన్మించారు. తండ్రి సంస్కృత పండితుడు. ఇంట పాండిత్యానికి కొదవ లేదు గాని ధనానికి ఉన్నది. బాల్యంలోనే తండ్రి గతించడంతో ఆ కుటుంబం మరింత కష్టాల పాలయింది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివే రోజులలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన సొమ్ముతో ఆయన తన చదువు సాగించారు. 1881లో పట్టభద్రులైన పిమ్మట మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ స్థానం పొందారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

ఆయన విద్యార్థి దశలోనే, 1876 నుండి 1878 వరకు, దక్షిణ భారతదేశాన్ని ఘోరమైన కరవు పీడించింది. ఋతుపవనాలు విఫలమై మైసూరు, మద్రాసు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలలో లక్షలాది ప్రజలు ఆకలికి బలైపోయారు. నాటి కరవుకు బలమైన ఎల్‌నినో ప్రధాన కారణమని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. వాన కురవకపోతే ఏమవుతుందో ఆ తరం యువకులెవ్వరికీ వేరుగా చెప్పవలసిన పని లేకపోయింది.

ఉద్యోగంలో చేరిన నాటి నుండి విశ్వేశ్వరయ్య పనులన్నీ నీటి చుట్టూనే తిరిగాయి. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి సరఫరా ఏర్పాటు చేశారు. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి, వరద నీరు ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకొని, తగ్గగానే మూతపడే తలుపులను రూపొందించారు. 1903లో అమర్చిన ఈ తలుపుల వలన ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీటిని నిల్వ చేయడం సాధ్యమైంది. 1906లో ఏడెన్ నగరానికి వెళ్లి అక్కడి నీటి సరఫరా, మురుగునీటి పారుదల పథకాలను సిద్ధం చేశారు. సీనియర్ అధికారులు ఎందరో పైన ఉండగా తాను శాఖాధిపతి కావడం జరగదని గ్రహించి, 1908లో స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరారు. అనంతరం విదేశ పర్యటనకు బయలుదేరారు. ఆ సమయంలోనే హైదరాబాదు నగరాన్ని జలప్రళయం ముంచెత్తింది.

మూసీనది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. నగరానికి కొద్ది ఎగువన ఈసీ అనే ఉపనది దానితో కలుస్తుంది. రెండింటి పరీవాహక ప్రాంతం నగరం వద్దకు వచ్చేసరికి 862 చదరపు మైళ్లు. అందులో ఆనాడు 788 చెరువులు ఉండేవి. అంటే రమారమి చదరపు మైలుకొక చెరువు. వీటిలో అనేకం గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు కాలువ గుండా దిగువ చెరువుకు చేరుతుంది. అది నిండితే మరొక దానికి. చిన్న వానను కూడా వృథా కానీయక పట్టి ఉంచే ఈ ఏర్పాటు మన పూర్వుల బుద్ధికి నిదర్శనం. కరవు ప్రాంతానికి ఇంతకంటె తగినది లేదు. కాని అతివృష్టి వేళ అదే గొలుసు ప్రమాదకరం కావచ్చు. ఎగువన ఒక కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా దిగువ చెరువు మీద పడుతుంది. దాని కట్ట కూడ తెగుతుంది. ఆ విధంగా తెగిన ప్రతి కట్టా వరద బలాన్ని పెంచుతుంది.

1908 సెప్టెంబరు చివరి వారం, హస్త కార్తె ప్రవేశించిన వేళ సరిగ్గా అదే జరిగింది. శంషాబాదులో 24 గంటలలో 32 సెంటీమీటర్లకు పైగా, 48 గంటలలో సుమారు 48 సెంటీమీటర్ల వర్షం నమోదయింది. ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా రెండు రోజులలో పడిందన్నమాట. 788 చెరువులలో 221 తెగిపోయాయి. వాటిలో 182 ఈసీ పరీవాహక ప్రాంతంలోనివే. సెప్టెంబరు 28వ తేదీన మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించిందని తరువాత లెక్క తేలింది. ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్, కోల్సావాడి వంటి పేటలు నీటిలో కలిసిపోయాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలపు పురానాపూల్ మాత్రం నిలిచింది. సుమారు 15,000 మంది మరణించారు. 19,000 ఇండ్లు కూలిపోయాయి. 80,000 మంది నిలువ నీడ లేనివారయ్యారు.

అంకెలు దుఃఖాన్ని చెప్పలేవు. ఉర్దూ కవి అమ్‌జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని కుటుంబంలో ఒంటరిగా మిగిలారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టును ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును నగరవాసులు ఇప్పటికీ కృతజ్ఞతతో స్మరిస్తారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన భవనాల తలుపులు తెరిచి నిరాశ్రయులకు ఆశ్రయమిచ్చారు. అన్నదాన కేంద్రాలు నెలకొల్పారు. అయితే అన్నంతోపాటు మరొక ప్రశ్నకు కూడ సమాధానం కావలసి ఉన్నది. ఇటువంటి వాన మళ్లీ కురిస్తే ఏమి చేయాలి? ఆ సమాధానం కొరకు నిజాం ప్రభుత్వం విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది.

1909 ఏప్రిల్ 15వ తేదీన ఆయన హైదరాబాదు చేరుకున్నారు. నగర పునర్నిర్మాణంలో సలహా ఇవ్వడం, భవిష్యత్తులో వరదల నుండి రక్షణకు పథకం రూపొందించడం, నగరానికి మురుగునీటి పారుదల వ్యవస్థను రచించడం, ఈ మూడు బాధ్యతలు ఆయనకు అప్పగింపబడ్డాయి. ఆయన వచ్చీ రాగానే గోడలు కట్టించడం ప్రారంభించలేదు. ముందుగా వానను చదివారు. హైదరాబాదు రాజ్యంలో వర్షపాతపు లెక్కలు అరకొరగా ఉండడంతో పొరుగు రాష్ట్రాలలోని వివరాలు సేకరించి, ఈ ప్రాంతంలో ఒక తుఫాను గరిష్ఠంగా ఎంత వానను కురిపించగలదో అంచనా వేశారు. నదిని, ఉపనదిని, ఇరుగట్టులను సర్వే చేయించారు. తెగిన చెరువులను లెక్కించారు. జనం అనుకున్నట్లు ఇది దైవకోపమో, వేయి సంవత్సరాలకొకసారి వచ్చే విడ్డూరమో కాదని, ఇటువంటి వాన ఈ నేల మీద మళ్లీ కురియగలదని ఆయన నిశ్చయించారు. నా దృష్టిలో ఆయన హైదరాబాదుకు చేసిన మేలులో ఇదే మొదటిది. ఆనకట్టలు ఆ తరువాతివి.

నగరంలో నది ఇరుకైనది. ఒడ్డులను ఆనుకొని వేలాది ఇండ్లు ఉన్నాయి. అంత ప్రవాహాన్ని నగరం మధ్య గట్టులు కట్టి నిలువరించడం సాధ్యం కాదు. అందుచేత వరదను నగరంలోకి రాకముందే ఆపాలని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి చొప్పున రెండు పెద్ద జలాశయాలు నిర్మించాలని విశ్వేశ్వరయ్య ప్రతిపాదించారు. వరదను పట్టి ఉంచి, నది ఓర్చుకోగలిగినంత నీటిని మాత్రమే మెల్లమెల్లగా వదలడం ఈ పథకంలోని కీలకం. నగరంలోని నదీతీరాన్ని ఎత్తు చేసి, ఉద్యానవనాలుగా, విహారమార్గాలుగా తీర్చిదిద్దాలని కూడ సూచించారు. 1909 అక్టోబరు 1వ తేదీన నివేదిక సమర్పించి, నవంబరులో మైసూరు ప్రభుత్వ ఆహ్వానంపై అక్కడ చీఫ్ ఇంజనీరుగా చేరారు. ఆయన హైదరాబాదులో పని చేసినది సుమారు ఏడు నెలలు మాత్రమే.

పథకం కాగితం మీదనే మిగిలిపోలేదు. మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో మరణించగా, ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని చేపట్టారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. వీటి నిర్మాణంలో హైదరాబాదు రాజ్యపు ఇంజనీర్ల శ్రమ ఎంతో ఉన్నది. నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ వారిలో ప్రముఖులు. ఉస్మాన్‌సాగర్‌లో సుమారు 3.9, హిమాయత్‌సాగర్‌లో సుమారు 2.9 టీఎంసీల నీరు నిలుస్తుంది. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే దశాబ్దాల తరబడి నగరానికి మంచినీటిని అందించాయి. మురుగునీటి పథకం విషయమై తరువాతి కాలంలోనూ విశ్వేశ్వరయ్య సలహాలను నిజాం ప్రభుత్వం తీసుకున్నది.

మైసూరులో ఆయన జీవితం ఉన్నత శిఖరాలను అందుకున్నది. కావేరిపై కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిర్మాణానికి సారథ్యం వహించారు. 1912 నుండి 1918 వరకు మైసూరు సంస్థాన దివానుగా పనిచేశారు. ఆ కాలంలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం వెలిశాయి. 1915లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రాతినిధ్యం కల్పించాలన్న మహారాజు ఆలోచనతో ఏకీభవించలేక ఆయన దివాను పదవిని వదులుకున్నారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన నమ్మకం. ఆ ప్రతిభకు అవకాశమే దొరకని వారి మాటేమిటన్న ప్రశ్నకు మాత్రం కాలం మహారాజు పక్షాననే తీర్పు చెప్పింది. తరువాత భద్రావతి ఇనుము కర్మాగారాన్ని నష్టాల నుండి గట్టెక్కించారు. దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం కావాలని 1934లోనే గ్రంథం వ్రాశారు. తొంభై ఏండ్లు దాటిన వయసులో బీహారులో గంగానదిపై వంతెన స్థలాన్ని నిర్ణయించడానికి స్వయంగా వెళ్లారు. 1955లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. 1962 ఏప్రిల్ నెలలో, నిండు నూరేండ్లు దాటిన వయసులో, బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము.

ఆయన మరణించేనాటికి దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహాదుర్ నగర్ ప్రాంతాలలో నేడు కనిపించే జనసమ్మర్దం లేదు. చాదర్‌ఘాట్ దాటి తూర్పుకు వస్తే మలక్‌పేట, ఆపైన పొలాలు, తోటలు, చెరువులు. కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో త్రవ్వించినదని చెప్పే సరూర్‌నగర్ చెరువు క్రింద వ్యవసాయం సాగేది. చెరువు నిండిన ఏడు నీటిపక్షులు గుంపులుగా వాలేవి. ఎండిన ఏడు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. ఆ విధంగా నిండడం, ఎండడం రెండూ చెరువు జీవితంలో భాగమే. ఎండిన శిఖం భూమి ఖాళీ భూమి కాదు. అది వచ్చే వాన కొరకు కాచుకొని ఉన్న చోటు.

దక్కను నేలపై సహజమైన జీవజాలం ఋతుపవనంతో ఎట్లా అడుగు కలుపుతుందో చూడదలచిన వారు దూరం పోనక్కరలేదు. లాల్ బహాదుర్ నగర్ దాటి విజయవాడ రహదారిపై వనస్థలిపురం వెళితే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. జింకల పార్కు అంటే అక్కడ అందరికీ తెలుస్తుంది. నిజాం కుటుంబీకులు వేటాడిన ఈ అడవిని 1975లో కృష్ణజింకల రక్షణకు ప్రత్యేకించారు. వేసవిలో ముళ్లపొదలు, ఎండుగడ్డి తప్ప ఏమీ లేనట్లు కనిపించే ఆ నేల తొలకరి పడిన కొద్ది రోజులకే పచ్చబడుతుంది. లేత గడ్డికి జింకలు చేరుతాయి. నెమళ్లు పురి విప్పుతాయి. వానలు వెనుకబడే వేళకు తంగేడు పూచి బతుకమ్మ పండుగను గుర్తు చేస్తుంది. వాన ఆలస్యమైతే ఈ వరుస అంతా ఆలస్యమవుతుంది. వాన చాలకపోతే గడ్డి తగ్గుతుంది. గడ్డి తగ్గితే జింకలకు మేత కరవు.

నది సంగతి వేరు. ఎగువన రెండు జలాశయాలు వెలసిన తరువాత మూసీ సహజ ప్రవాహం నగరంలో తగ్గింది. ఏటా వాననీటితో కడుక్కొనే నదికి ఆ అవకాశం పోయింది. నగరం పెరిగేకొద్దీ దాని మురుగు నదిలో చేరింది. ఒకనాడు వానాకాలంలో ఉప్పొంగి వేసవిలో చిక్కిపోయిన మూసీ ఇప్పుడు పన్నెండు మాసాలూ పారుతున్నది, కాని పారేది ఎక్కువగా మురుగునీరే. నాగోలు, ఉప్పల్ దిగువన ఆ నీటితోనే రైతులు పశువులకు పారాగడ్డి పెంచారు. సరూర్‌నగర్ చెరువును గుర్రపుడెక్క పలుమార్లు కమ్ముకున్నది. ఈ ఫలితాన్ని విశ్వేశ్వరయ్య కోరలేదు. ఆయన నివేదికలో వరద రక్షణతోపాటు మురుగునీటి పథకం కూడ ఉన్నది. నగరం మొదటిదానిపై చూపిన శ్రద్ధను రెండవదానిపై, తన పెరుగుదలకు తగినట్లు, చూపలేదు.

1980ల నుండి తూర్పు హైదరాబాదు వేగంగా విస్తరించింది. దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారకేంద్రమైంది, కళాశాలలకు నెలవైంది. లాల్ బహాదుర్ నగర్ పురపాలక సంఘం 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. చెరువు శిఖాలలోనూ, వాటిని కలిపే కాలువల వెంబడీ కాలనీలు వెలిశాయి. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. విశ్వేశ్వరయ్య లెక్కించిన 788 చెరువులు నగరానికి ఎగువన ఉన్నవి. ఆయన ప్రతిపాదించిన జలాశయాలు ఆపేది ఆ ఎగువ నీటినే. సరూర్‌నగర్ పరిసరాలలో కురిసిన వాన ఆ జలాశయాల ముఖం చూడదు. అది తన సొంత చెరువుల గొలుసు గుండా వచ్చి నేరుగా దిగువ మూసీలో కలవాలి.

2020 అక్టోబరు 13వ తేదీన, చిత్త కార్తెలో, బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా సాగింది. ఈసారి కుంభవృష్టి నగరానికి తూర్పున పడింది. హయత్‌నగర్‌లో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వర్షం కురిసింది. 1908లో శంషాబాదులో ఒక్క రోజున కురిసిన దానికి ఇది కొంచెమే తక్కువ. ఆ రాత్రి హిమాయత్‌సాగర్ తలుపులు చాలా ఏండ్ల తరువాత తెరిచారు. నది పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగింది. అయినా 1908 నాటి ప్రళయం నగర మధ్యంలో పునరావృతం కాలేదు. కాని దిల్‌సుఖ్‌నగర్ వెనుక సరూర్‌నగర్ చెరువును ఆనుకొని ఉన్న కాలనీలలోనికి చెరువు నీరు చొచ్చుకువచ్చింది. లాల్ బహాదుర్ నగర్, వనస్థలిపురం పరిసరాలలో ఎగువ చెరువుల అలుగులు పారి వీధులు కాలువలయ్యాయి. కొన్ని ఇండ్లలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. నగరమంతటా కలిపి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వరద తీసిన తరువాత అధికారులు, ఇంజనీర్లు చేతిలో పాత పటాలు పట్టుకొని ఏ చెరువు అలుగు ఎటు పారేదో, ఏ కాలువ ఏ కాలనీ క్రింద మూసుకుపోయిందో వెదకడం ప్రారంభించారు. నూట పదకొండు సంవత్సరాలకు పూర్వం మూసీ ఎగువన విశ్వేశ్వరయ్య మొదలుపెట్టిన పని కూడా అదే, తెగిన చెరువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం.